మదనపల్లెలో మార్గరెట్ కజిన్సు

ముప్పదియేండ్లకు పైగా నేను బడిపంతులుగా నుండి, ప్రతిదిన ముదయమున పిల్లలచే జనగణమన పాడించితిని. ఆ పాటకును మన మదనపల్లెకును సంబంధమున్నదని ఎరుగుదును. ఆ సంబంధమును కూర్చిన స్త్రీని గూర్చి మాత్రము "పియానో వాయించిన దొరసాని" యని చెప్పి యూరకుండెడివాడను. అది యెంత కొఱతమాటయో ఉద్యోగము చాలించి ఆమె చరిత్రము చదివిన పిదపగాని తెలియలేదు.

మార్గరెట్ 1878వ సంవత్సరమున ఐర్లండునందలి బాయిల్ అను చిన్న పట్టణమున జన్మించెను. డబ్లిన్ నగరమున సంగీతశాస్త్రము నభ్యసించి పట్టము బడసి, 1903లో జేమ్సు కజిన్సు అను కవిని వివాహమాడెను. ఐర్లండును మనవలెనే ఇంగ్లీషువారి యేలుబడిలో నుండిన దేశము. 1908లో హానా షీహీ స్కెఫింగ్టన్ అను నామెతో కూడి మార్గరెట్ స్త్రీల వోటుహక్కుకై సంఘమును స్థాపించెను. సభలు జరిపిరి, అర్జీలు పెట్టిరి, పాలకులు చెవినిడరైరి. అంతట రాయి చేబట్టిరి. 1910లో లండనునందు మంత్రుల యిండ్ల యద్దములు పగులగొట్టినందులకును, 1913లో డబ్లిన్ కోట యద్దములు పగులగొట్టినందులకును ఆమె చెరసాల కేగెను. సంగీతము నేర్చిన చేతికి రాయి యేలయని నాబోటి పాతకాలపువానికి మొదట మనసొప్పలేదు. అయినను ఆమె శిక్షను తప్పించుకొనజూడలేదు; చెరలో అన్నము మాని, తమను రాజకీయఖైదీలుగా నెంచుమని పట్టుబట్టెను. అది చదివిన పిదప నా మనసు కొంత మారినది.

1915లో దంపతులు మదరాసు చేరిరి. మరుసటియేట ఐర్లండు తిరుగుబాటును మెచ్చి వ్రాసినందున జేమ్సుకు పత్రికలోని కొలువు పోయెను. అనీబిసెంటమ్మ ఆయనను మదనపల్లె కళాశాలకు పంపెను. అక్కడ మార్గరెట్ మన స్త్రీలతో కూడి నడపిన సమాజము పేరు అబలాభివర్ధనీ సమాజము. రాయి రువ్వి చెరకేగినయామె చేరిన కూటమికి "అబల" యను పేరు! వ్యాకరణము చదివినవాడను గనుక నవ్వు నాపుకొనలేకపోతిని.

1917లో మాంటేగు దొర మదరాసు వచ్చినపుడు స్త్రీవిద్యను గూర్చి మనవి చేయవలెనని ఆమె యనుమతి గోరెను. రాజకీయవిషయములు తప్ప వినమని జవాబు వచ్చెను. అట్లయిన వోటే యడిగెదమని ఆమె అర్జీ సిద్ధపరచెను. సరోజినీదేవి నాయకురాలై దానిని వినిపించెను. 1921లో మదరాసు రాజధానిలో స్త్రీలకు వోటు లభించెను. కాని అది ఆస్తి గలవారికే. సెంటుభూమియైనను తన పేర లేని మా యవ్వకు 1952 వఱకు ఆ భాగ్యము లేకపోయెను.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు మదనపల్లెకు వచ్చి, సాయంకాలపు పాటలకూటమిలో 1911నాటి తన జనగణమనను స్వయముగా పాడెను. మార్గరెట్ ఆ స్వరములను కాగితముపై నెక్కించెను. ఆ బాణీ ఆమె కట్టినదేయని కొందరందురు, అది పొరపాటు. పాటయు బాణీయు కవివే; అవి చెదరకుండ నిలుపుట యామె పని. కవి ఆ దినములలోనే ఆ పాటను "భారత ప్రభాతగీత"మను పేర ఇంగ్లీషున వ్రాసియిచ్చెను.

1922లో ఆమె మన దేశమున మొదటి స్త్రీ మేజిస్ట్రేటయ్యెను. న్యాయపీఠ మెక్కించిన ప్రభుత్వమే, అత్యవసరశాసనములను ఖండించి యుపన్యసించినందులకు, 1932లో ఆమెకు ఏడాది శిక్ష విధించి వేలూరు చెరకు పంపెను. మన చిత్తూరునకు ఆ చెర యెంతో దూరములేదు.

1950 జనవరి 24న ఆ పాట జాతీయగీతమైనపుడు ఆమె పక్షవాతముచే మంచము పట్టియుండెను. 1954 మార్చి 11న అడయారున కన్నుమూసెను. ఇన్నియేండ్లు బడిలో నేను చెప్పక విడిచిన భాగమిది.