జగిత్యాల ఖిల్లా: గోడలో కట్టిన గురి

జగిత్యాల పట్టణంలోని ఖిల్లా నక్షత్రాకారపు కోట. చుట్టూ కందకం, రాయీ సున్నంతో కట్టిన మందపాటి గోడలు, మూలమూలన ముందుకు పొడుచుకొచ్చిన కోణపు బురుజులు, వాటి మీద ఫిరంగులు ఉంటాయి. తెలంగాణలో కోటలకు కొదవ లేదు గాని ఈ తరహా కోట మాత్రం అరుదు. ఈ ఆకారం అందం కోసం పుట్టింది కాదు. తుపాకీ మీద నమ్మదగిన గురి సాధనం లేని రోజుల్లో, ఆ లోటును గోడల కోణాలతో పూడ్చుకునే ఉపాయంగా పుట్టింది. ఉన్నవి కొద్ది తోపులు, అంతంతమాత్రం తర్ఫీదు పొందిన సిపాయిలు, ఖర్చు చూసుకోవలసిన ఖజానా. వీటితోనే కోటను కాపాడుకోవాలనుకున్న ప్రభువుకు అందుబాటు ధరలో దొరికిన గురి ఇదే.

పద్దెనిమిదో శతాబ్దపు తుపాకీతో గురి కుదరకపోవడానికి మొదటి కారణం గొట్టంలోనే ఉంది. లోపలి భాగం నున్నగా ఉండేది. గుండు సులువుగా దిగడానికి దాన్ని గొట్టం కంటే కాస్త చిన్నగా పోసేవారు. మందు అంటుకోగానే గుండు గొట్టం గోడలకు తగులుతూ బయటికి వచ్చేది, చివరిసారి ఏ పక్క తగిలితే దాన్నిబట్టి దారి మారేది. వంద గజాలు దాటిన మనిషికి గురిపెట్టి కొట్టగలనని గట్టిగా చెప్పగల సిపాయి ఉండేవాడు కాదు. దక్కన్‌లో వాడుకలో ఉన్న ఒత్తి తుపాకులకు వెనుక ఒక గాడి, గొట్టం చివర ఒక బుడిపె ఉండేవి. వెనుక గాడినీ, ముందు బుడిపెనూ, దూరాన ఉన్న శత్రువునూ ఒకే గీత మీదికి తేవాలి. మనిషి కన్ను ఒకేసారి మూడు దూరాలను స్పష్టంగా చూడలేదు. ఒకటి తేటపడితే మిగతా రెండూ మసకబారతాయి.

ఫిరంగి దగ్గర ఇబ్బంది ఇంకా పెద్దది. మందు పేలే చోట తట్టుకోవాలి కాబట్టి తోపు వెనుక భాగం లావుగా, మూతి సన్నగా ఉంటుంది. గోలందాజు గొట్టం పైభాగం వెంట చూసి గురిపెడితే అతని చూపు సాగే గీత వేరు, గుండు బయలుదేరే గీత వేరు. ఆ తేడాను సరిదిద్దడానికి మూతి మీద బుడిపెను ఎత్తుగా పెట్టేవారు. ఎత్తు కొలవడానికి లంబసూత్రం వేలాడే కోణమానాన్ని ఇటలీ గణితజ్ఞుడు టార్టాగ్లియా 1537లోనే పుస్తకంలో వివరించాడు. అయితే కొలత తెలిసినంత మాత్రాన సరిపోదు. ప్రతి దెబ్బకూ తోపు వెనక్కి తన్నుతుంది. మళ్లీ ముందుకు తోసి, వెనుక భాగం కింద కర్ర దిమ్మను జరిపి, గురి మొదటి నుంచి చూసుకోవాలి. పొగలో శత్రువు కనిపించనే కనిపించడు.

ఈ పరిస్థితిలో పాత కోటల గుండ్రని బురుజులు ఒక పెద్ద లోపాన్ని దాచుకున్నాయి. కరీంనగర్ నుంచి సిరిసిల్ల వైపు వెళ్లే దారిలో మానేరు పక్కన ఉన్న ఎలగందుల కోట దీనికి మంచి ఉదాహరణ. కొండ మీద కోట, ఎత్తయిన గోడలు, గుండ్రని బురుజులు. దూరం నుంచి వచ్చే సేనను చూడటానికీ, నిచ్చెనలు వేసేవాళ్లను ఆపడానికీ ఎత్తు బాగా పనికొస్తుంది. కాని గుండ్రని బురుజు ముందు, దాని పాదం దగ్గర కొంత మేర నేల ఏ పక్క బురుజు నుంచి చూసినా కనిపించదు. పైనున్నవాడు తల బయటపెట్టి కిందికి వంగితే తప్ప అక్కడికి చేరినవాణ్ని కొట్టలేడు. ఆ చాటున కూర్చుని శత్రువు గోడ కింద సొరంగం తవ్వి మందు కూరవచ్చు. ఎలగందులకు కొండే రక్షణ కాబట్టి ఆ లోపం అంతగా బాధించలేదు. జగిత్యాలలో అలాంటి కొండ లేదు. ఇక్కడ కోటను నేల మీదే నిలబెట్టాలి, కాబట్టి రక్షణ అంతా గోడల అమరికలోనే ఉండాలి.

దీనికి జవాబు ఐరోపాలో అప్పటికే రెండున్నర శతాబ్దాల పాతది. 1494లో ఫ్రాన్స్ రాజు ఎనిమిదో చార్లెస్ కదిలే ఫిరంగులతో ఇటలీలోకి దిగినప్పుడు ఎత్తయిన పాత గోడలు నిలవలేకపోయాయి. ఇటలీ ఇంజనీర్లు గోడ ఎత్తు తగ్గించి, మందం పెంచి, ముందు లోతైన కందకం తవ్వి, గుండ్రని బురుజు స్థానంలో కోణపు బురుజు తెచ్చారు. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్స్‌లో కోటల ఇంజనీరు వోబాన్ ఈ విద్యను పరాకాష్ఠకు తీసుకెళ్లాడు. కోణపు బురుజుకు బయటికి చూసే రెండు ముఖాలు, గోడను ఆనుకుని రెండు పక్కలు ఉంటాయి. ఒక బురుజు పక్క భాగంలో పెట్టిన తోపు ఎదుటి శత్రువు వైపు చూడదు. పొరుగు బురుజు ముఖం వెంబడి, గోడ పాదాన్ని రాసుకుంటూ చూస్తుంది. ఆ పొరుగు బురుజు తిరిగి దీన్ని కాపాడుతుంది. నిపుణంగా గీసిన కోటలో చాటు నేల ఒక్క అడుగు కూడా మిగలదు.

గురి విషయంలో అసలు మేలు ఇక్కడే ఉంది. పక్క భాగంలోని తోపు ఎటు చూడాలో ఇంజనీరు ముందే నిర్ణయించాడు. దాన్ని అటూ ఇటూ తిప్పే పని లేదు, దూరం అంచనా వేసే పని లేదు. గోడ వెంట వరుసగా వచ్చేవాళ్ల మీదికి అడ్డంగా కాక పొడవునా కాల్పు సాగుతుంది కాబట్టి, గుండు కాస్త ముందు పడినా, వెనుక పడినా ఎవరో ఒకరికి తగులుతుంది. చీకట్లో కూడా, పొగలో కూడా ఆ గీత మారదు. గుండుకు బదులు చిన్న ముక్కల సంచిని కూరితే ఫలితం ఇంకా భయంకరం. బురుజుకీ బురుజుకీ మధ్య దూరాన్ని తుపాకీ గుండు అందే దూరం మించకుండా ఉంచడం ఈ శాస్త్రంలో మొదటి నియమం. కోట విస్తీర్ణాన్ని నిర్ణయించింది రాజు దర్జా కాదు, సిపాయి చేతిలోని తుపాకీ.

ఈ విద్య జగిత్యాలకు ఎలా వచ్చిందన్న దానికి స్థానికంగా ఒక కథ ప్రచారంలో ఉంది. నిర్మల్ కేంద్రంగా ఈ ప్రాంతాన్ని ఏలిన జఫరుద్దౌలా ఇబ్రహీం ఖాన్ ధంసా కోసం జాక్, తాల్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు 1747లో కోట కట్టారనీ, ఊరికి వాళ్ల పేరే వచ్చిందనీ చెబుతారు. పేరు సంగతి కథగానే తీసుకోవాలి. సంవత్సరాన్ని కూడా కాస్త ఆలోచించి చూడాలి. 1747 నాటికి హైదరాబాద్ నిజాం వంశ స్థాపకుడు మొదటి ఆసఫ్‌జా ఇంకా బతికే ఉన్నాడు. ఆయన 1748లో చనిపోయాడు. ఫ్రెంచి సేనాని బుస్సీ తన దళంతో హైదరాబాద్ రాజకీయాల్లో అడుగుపెట్టింది 1751లో. అంతకుముందే దక్కన్ కొలువుల్లో ఐరోపా గోలందాజులు ఒకరూ ఇద్దరూగా పనిచేస్తూనే ఉన్నారు కాబట్టి 1747 అసాధ్యమేమీ కాదు. ఫ్రెంచి పలుకుబడి బలంగా ఉన్న తర్వాతి దశాబ్దంలో కట్టడమో, పూర్తి చేయడమో జరిగి ఉంటుందనుకోవడం మాత్రం ఎక్కువ సబబు. ఎలగందులలోని రెండు మినార్లను కూడా ధంసా 1754లో కట్టించాడని చెబుతారు. నిర్మల్ చుట్టూ ఉన్న కోటలకూ ఫ్రెంచి ఇంజనీర్ల పేరే వినిపిస్తుంది. కథ ఎలా ఉన్నా గోడలు అబద్ధం చెప్పవు. ఈ కోణాలు గీసినవాడికి ఐరోపా కోటల గణితం తెలుసు.

నిర్మల్‌లో ధంసా ఫిరంగులు పోత పోయించాడని స్థానిక చరిత్రలు చెబుతాయి. జగిత్యాల ఖిల్లా తోపుల్లో కొన్నింటి మీద మహమ్మద్ ఖాసిం అనే పేరు కనిపిస్తుంది. తోపు మీద పేరు చెక్కించుకోవడం దక్కన్‌లో పాత సంప్రదాయం. 1549లో అహ్మద్‌నగర్‌లో పోత పోసి తర్వాత బిజాపూర్ చేరిన మలిక్-ఎ-మైదాన్ మీద కూడా దాన్ని పోసిన మహమ్మద్ బిన్ హుసేన్ రూమీ పేరుంది. అయితే ఆ తోపు బరువు సుమారు 55 టన్నులు. అలాంటి ఒక్క తోపుకు అయ్యే కంచుతో ఎన్నో చిన్న తోపులు పోయవచ్చు. పెద్ద తోపు శత్రువును భయపెడుతుంది, ప్రభువు గొప్పను చాటుతుంది. కాల్చిన ప్రతిసారీ చల్లబడటానికీ, తిరిగి నింపడానికీ చాలా సేపు పడుతుంది. కోణపు కోటకు కావలసింది బురుజుల పక్కల్లో ఒదిగే, త్వరగా నింపగలిగే మామూలు తోపులు. కంచు దొరకని చోట ఇనుప పట్టీలను పొడవుగా పేర్చి, పైన కాల్చిన కడియాలు బిగించి తోపు చేసే పద్ధతి కూడా దక్కన్‌లో ఉండేది. అది కంచు కంటే చౌక, కాని అతుకు సరిగా లేకపోతే నడిపేవాళ్ల మీదే పేలే ప్రమాదం ఉండేది.

ఇనుముకు ఈ ప్రాంతంలో లోటు లేదు. జగిత్యాల నుంచి కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూర్ వైపు వెళ్లే దారికి దగ్గర్లోనే కోనసముద్రం ఉంది. ఇక్కడి కమ్మర్లు చేసిన మూస ఉక్కు పర్షియా దాకా వెళ్లింది. దేశాన్ని కొలిచిన ఇంగ్లీషు అధికారి లాంబ్టన్ సర్వే బృందంలో వైద్యుడూ భూగర్భ శాస్త్రవేత్తా అయిన హెన్రీ వెస్లీ వోయ్‌సీ ఆ పనిని కళ్లారా చూసి రాశాడు. ఆయన 1824లో చనిపోగా, ఆ వివరణ 1832లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన ఇనుములను పాళ్లు చూసి కలిపి, మట్టి మూసల్లో పెట్టి, ఒక పగలూ రాత్రీ తిత్తులు ఆపకుండా ఊదేవారు. మూస మెల్లగా చల్లబడ్డాక దొరికిన ఉక్కు బిళ్లలను మట్టి పూసి మళ్లీ మళ్లీ కాల్చి మెత్తబరిచేవారు. పర్షియా వర్తకులు కొలిమి దగ్గరే కూర్చుని సరుకు ఎంచుకునేవారు. ఈ ఉక్కులో బొగ్గు పాలు సుమారు ఒకటిన్నర శాతం. కత్తికి అది వరం. సాన పట్టి ఆమ్లం తగిలిస్తే అలల గీతలు తేలే డమాస్కస్ కత్తులు ఇలాంటి ఉక్కువే. మైకేల్ ఫారడే 1819లో దీని రహస్యం తేల్చాలని ప్రయోగాలు చేశాడు. ఇంత గట్టి ఉక్కు ఒంటరిగా తుపాకీ గొట్టానికి సరిపడదు. గొట్టం పెళుసుగా ఉంటే పగులుతుంది. అందుకే గొట్టాలకు మెత్తని ఇనుమునూ ఉక్కునూ పట్టీలుగా కలిపి మెలితిప్పి సాగగొట్టడం హిందుస్థాన్ కమ్మర్ల పద్ధతి. కోనసముద్రపు ఖ్యాతి కత్తులతోనే ముడిపడింది గాని, ఆయుధం ధర చివరికి కమ్మరి కొలిమి దగ్గరే తేలుతుందనడానికి అదే సాక్ష్యం.

ధంసా కుటుంబ అధికారం 1780లలో హైదరాబాద్ ప్రభువు నిజాం అలీఖాన్ సేన నిర్మల్ మీదికి వచ్చాక ముగిసింది. ఫ్రెంచి విద్య అంతటితో పోలేదు. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ హైదరాబాద్‌లో 1795లో ఫిరంగుల కార్ఖానా పెట్టాడు. 1798 మార్చిలో ఆయన చనిపోయాడు. అదే సంవత్సరం నిజాం ఇంగ్లీషువాళ్లతో సైన్య సహకార ఒప్పందం చేసుకోగా, అక్టోబరులో ఫ్రెంచి దళాన్ని రద్దు చేశారు. ఆ తర్వాత నిజాం రాజ్యంలో జగిత్యాల వంటి చోట కోటను ముట్టడించే శత్రువు లేడు. కోనసముద్రం కొలుములు మరికొంత కాలం నడిచాయి. పర్షియా గిరాకీ తగ్గడం, అడవి బొగ్గు ప్రియం కావడం, 1856 తర్వాత బెస్సెమర్ పద్ధతిలో చౌకగా వచ్చిన ఉక్కు, ఇవన్నీ కలిసి వాటిని ఆర్పేశాయి. 2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ కలిసి ఉత్తర తెలంగాణ పల్లెల్లో చేసిన సర్వేలో చిట్టెపు కుప్పలు, మూస ముక్కలు పెద్ద సంఖ్యలో నమోదయ్యాయి. వందల ఏళ్లు నడిచిన ఒక పరిశ్రమకు మిగిలిన ఆధారాలు అవే. రోడ్లకూ ఇళ్లకూ ఆ కుప్పలను తవ్వేస్తే ఆ చరిత్రను మళ్లీ రాయడానికి ఇంకేమీ ఉండదు.

గోడల్లోని గురి తిరిగి తుపాకీ మీదికి చేరడానికి ఎక్కువ కాలం పట్టలేదు. గొట్టం లోపల మెలి గాళ్లు కోయడం మామూలయ్యాక గుండు తిన్నగా పోసాగింది. 1853 నాటి ఎన్‌ఫీల్డ్ తుపాకీకి దూరాల అంకెలతో లేపి దించే వెనుక గురి వచ్చింది. కన్నుకున్న పాత ఇబ్బందిని డబ్లిన్‌లోని హోవార్డ్ గ్రబ్ 1900లో తీర్చాడు. ఒక గుర్తు ప్రతిబింబాన్ని గాజు మీద, చాలా దూరంలో ఉన్నట్టు కనిపించేలా నిలిపాడు. కాబట్టి కన్ను శత్రువునూ గుర్తునూ ఒకేసారి స్పష్టంగా చూడగలిగింది. 1975లో స్వీడన్‌లో ఎయిమ్‌పాయింట్ కంపెనీ ఆ గుర్తును విద్యుత్ దీపపు ఎర్రచుక్కగా మార్చింది. మెలి గాళ్ల ఫిరంగులు కిలోమీటర్ల దూరం నుంచి గోడ కూల్చగలిగాక కోణపు బురుజులకు పని లేకపోయింది. ఐరోపాలో నగరాలు పెరిగేకొద్దీ అలాంటి కోటగోడలను పడగొట్టి రోడ్లు వేసుకున్నాయి. వియన్నా గోడలు కూల్చమని ఆజ్ఞ వెలువడింది 1857లో. జగిత్యాలలో అలా జరగలేదు. జగిత్యాల ఉన్న ఎలగందుల జిల్లా 1905లో కరీంనగర్ జిల్లా అయ్యింది, 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేరు జిల్లాలయ్యాయి. ఖిల్లా మాత్రం కందకంతో, కోణాలతో, బురుజుల మీది తోపులతో ఊరి మధ్యలోనే ఉంది.