పావు మిల్లీమీటరు

జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వ్ మైదానం చివర, ఆయుధాలు భద్రపరిచే బెల్ ఆఫ్ ఆర్మ్స్‌ను ఆనుకుని ఒక రేకుల గది. లోపలికి అడుగు పెట్టగానే రైఫిల్ ఆయిల్ వాసన ముక్కుకు తగులుతుంది. పొడవాటి బల్ల, దానికి బిగించిన వైస్, బల్ల మీద ఒక త్రీనాట్‌త్రీ రైఫిల్. ఆర్మరర్ స్టూలు జరిపి కూర్చోమంటాడు. హెడ్ కానిస్టేబుల్ ఆయన. రిటైర్మెంటుకు ఏడాది ఉంది.

ముందు పేలిన తూటా తాలూకు ఇత్తడి ఖాళీ కేసు చేతిలో పెడతాడు. "వెలుతురులోకి తిప్పి చూడండి సార్." అడుగుకు కాస్త పైన, చుట్టూ ఉంగరంలా ఒక మెరిసే గీత. ఆ గీత మీద ఒకచోట గోరు ఆనేంత పగులు. పోయిన వారం ఫైరింగ్‌లో వచ్చిన కేసు అది. కాల్చిన కానిస్టేబుల్ ముఖానికి వేడిగాలి కొట్టింది. కళ్లద్దాలున్నాయి కాబట్టి సరిపోయింది. ఆ కుర్రాడు ఇప్పుడు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"అన్నా, రౌండు పాతదా?"

"రౌండుది కాదురా తప్పు. ఉండు, చూద్దాం."

మ్యాగజైన్ ఊడదీస్తాడు. బోల్టు వెనక్కి లాగి, కంటితో చూసి, చిటికెన వేలు చాంబర్‌లోకి పెట్టి మరీ చూస్తాడు. ఖాళీ. ముప్ఫై ఏళ్లుగా ఈ పని చేస్తున్న మనిషి కూడా వేలు పెట్టి చూడనిదే తుపాకీని నమ్మడు.

బోల్టును పూర్తిగా వెనక్కి లాగి బొటనవేలితో బోల్ట్ హెడ్‌ను పైకి లేపితే టక్కుమని పట్టు విడుస్తుంది, బోల్టు మొత్తం చేతిలోకి వస్తుంది. ఆయన దాన్ని కిటికీ వైపు తిప్పుతాడు. హ్యాండిల్ మొదట్లో నంబరు చెక్కి ఉంది. రైఫిల్ బాడీ మీద కిరీటం, జి.ఆర్.ఐ. అక్షరాలు, 1943 అనే సంవత్సరం. కలకత్తా దగ్గర హుగ్లీ ఒడ్డున ఇషాపూర్ కార్ఖానాలో తయారైన తుపాకీ. బాడీ నంబరు 7తో ముగుస్తోంది. బోల్టు నంబరు 1తో.

గదిలో ఎవరూ మాట్లాడరు. ఏం జరిగిందో కుర్రాడికీ అర్థమైంది. క్లీనింగ్ రోజున నలుగురూ ఒకే బల్ల చుట్టూ చేరతారు. బారెల్‌లో పుల్‌త్రూ తాడు లాగి, చిందీ గుడ్డతో తుడిచి, చేతికందిన బోల్టు దూరుస్తారు. అది దూరుతుంది, జారుతుంది, మూసుకుంటుంది. పైకి అంతా సవ్యంగానే ఉంటుంది.

"ఆ ఒకటి నంబరు రైఫిల్ పట్టుకురా," అంటాడు ఆర్మరర్. కుర్రాడు పరుగెత్తుతాడు.

ఈలోగా చెక్కపెట్టెలోంచి రెండు గేజీలు తీస్తాడు. గట్టి ఉక్కు ముక్కలు. ఒకటి 0.064 అంగుళాలు, రెండోది 0.074. మధ్య తేడా పావు మిల్లీమీటరు, అంటే మూడు నాలుగు వెంట్రుకలు పక్కపక్కన పెడితే వచ్చే మందం. త్రీనాట్‌త్రీ తూటా అడుగున అంచు ఉంటుంది. ఆ అంచు బారెల్ వెనుక ముఖానికి ఆని నిలుస్తుంది. దాని వెనుక బోల్ట్ హెడ్. ఈ రెండిటి మధ్య అంచు కోసం వదిలిన చోటే హెడ్‌స్పేస్. ఆ చోటు ఎక్కువైందనుకోండి, పేలినప్పుడు పలుచని ఇత్తడి గోడలు చాంబర్‌కు అతుక్కుపోతాయి, అడుగు మాత్రం బోల్టు తగిలేదాకా వెనక్కి నెట్టుకుపోతుంది. మధ్యలో ఇత్తడి సాగుతుంది. చదరపు అంగుళానికి 40 వేల పౌండ్లు దాటిన ఒత్తిడి అది. సాగిన చోటే ఆ మెరిసే ఉంగరం పడుతుంది. ఇంకాస్త సాగితే కేసు రెండు ముక్కలవుతుంది.

కొలిచే ముందు బోల్టును విప్పాలి. బోల్ట్ హెడ్‌ను మరలు తిప్పి తీస్తాడు. సన్నని గొట్టంలాంటి పనిముట్టును ముందు నుంచి లోపలికి దూర్చి, వెనుక చిన్న స్క్రూ వదులు చేసి, తూటాను పేల్చే స్ట్రైకర్‌ను విప్పుతాడు. లోపలి స్ప్రింగు బలమైనది. అరచేయి అడ్డం పెట్టుకునే తీస్తాడు. ఎక్స్‌ట్రాక్టర్ కూడా తీసేస్తాడు, అది ఉంటే గేజీ సరిగా కూర్చోదు. చాంబర్ తుడిచి, 0.074 గేజీ పెట్టి, హ్యాండిల్‌ను ఒక్క వేలితో దించుతాడు. ఇక్కడ బలం పనికిరాదు. గట్టిగా నొక్కితే ఏ గేజీ అయినా అబద్ధమే చెబుతుంది.

హ్యాండిల్ ఏ అడ్డూ లేకుండా కిందిదాకా దిగిపోతుంది. దిగకూడదు. అదే తీర్పు.

ఒకటి నంబరు రైఫిల్ వచ్చింది. దాని బోల్టు మీద 7. దాన్ని సొంత ఇంటికి చేర్చి మళ్లీ గేజీ పెడితే ఈసారి చివర్లో కాస్త బిగిసింది కానీ, ఆఖరికి మూసుకునే పోయింది. బోల్టు దీనిదే అయినా బోల్ట్ హెడ్ ముఖం అరిగింది. దీని తర్వాతి మోడల్, 1939లో ఆమోదించిన నంబర్ 4 రైఫిల్‌కైతే 0 నుంచి 3 దాకా అంకెలు వేసిన బోల్ట్ హెడ్‌లుండేవి, పొడవును బట్టి ఎంచుకోవచ్చు. ఇషాపూర్ పాత మోడల్‌కు ఆ సౌకర్యం లేదు. డబ్బాలో ఉన్న బోల్ట్ హెడ్‌లన్నీ ఒక్కొక్కటీ పెట్టి చూడాల్సిందే.

మొదటిది దిగిపోయింది. రెండోది గేజీ మీద సగంలోనే ఆగింది. ఆర్మరర్ ముఖంలో వెలుగు. కానీ 0.064 గేజీ పెట్టినా ఆగింది. అంటే మరీ పొడవు, మంచి తూటా మీద కూడా మూసుకోదు. పక్కన పెట్టాడు. మూడోది 0.064 మీద మెత్తగా మూసుకుంది, 0.074 మీద ససేమిరా అంది. వేలితో మళ్లీ, మళ్లీ. అదే జవాబు.

అప్పుడు లాకింగ్ లగ్ చూస్తాడు. ఈ రైఫిల్‌లో పట్టు బోల్టు వెనుక భాగాన ఉంటుంది. ఈ బోల్టు రూపకర్త జేమ్స్ పారిస్ లీ ఆలోచన అది. బోల్టు అంత వేగంగా ఆడేందుకు అదొక కారణం. అందుకే అటు లగ్, ఇటు పక్క పొడవాటి రిబ్ రెండూ సమానంగా ఆనాలి. ఆనాయి. స్ట్రైకర్ మొన గుంటలు పడింది, కొత్తది వేస్తాడు. వెనుక కాకింగ్ పీస్‌తో సమంగా వచ్చేదాకా తిప్పి, గాడి కలిసిన చోట స్క్రూ బిగిస్తాడు. మొన బోల్ట్ హెడ్ నుంచి మిల్లీమీటరు, ఇంకొంచెం బయటికి రావాలి. ఎక్కువైతే తూటా క్యాప్ చిల్లుపడుతుంది, తక్కువైతే పేలదు. దానికీ వేరే గేజీ ఉంది.

రెండో రైఫిల్‌కు దాని బోల్టు తిరిగి చేరింది. దాన్నీ కొలిచాడు, పాసైంది. రెండు రైఫిళ్ల బట్ నంబర్లూ రిజిస్టరులో రాసి, కుర్రాడితో సంతకం పెట్టించాడు.

చైనా యుద్ధం తర్వాత ఇషాపూర్‌లో 7.62 తూటాకు చేసిన 2ఎ రైఫిళ్లు చూపుకు దీని తోబుట్టువుల్లా ఉంటాయి. కానీ ఆ తూటాకు ఇలాంటి అంచు లేదు, అది కేసు భుజం మీద ఆనుతుంది. గేజీలూ వేరే. ఆయన వాటిని వేరే పెట్టెలో, వేరే తాళం కింద ఉంచుతాడు. అంత జాగ్రత్త అవసరమని నేనూ నమ్ముతాను.

మన ఊళ్లలో లైసెన్సు మీద ఇంట్లో ఉంచుకునే .315 రైఫిల్‌ది కూడా ఈ త్రీనాట్‌త్రీ లాంటి లీ ఎన్‌ఫీల్డ్ నిర్మాణమే. తాతల నాటిది మీ ఇంట్లో ఉంటే, దాని బోల్టు ఎప్పుడైనా మారిందో లేదో నంబర్లు చూడండి. తేడా కనిపిస్తే ఒక్క రౌండూ కాల్చకండి, ఇంట్లో విప్పనూ వద్దు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ మరమ్మతు వ్యాపారానికీ లైసెన్సు ఉండాలి. అలాంటి లైసెన్సున్న మనిషి దగ్గరికే తీసుకెళ్లి, గేజీ పెట్టి చూపించమని అడగండి.