గూడు, తోడు: వయోజన వికలాంగుల స్వతంత్ర జీవన హక్కు – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

కన్నవాళ్లు ఉన్నన్నాళ్లూ ఇల్లు, వాళ్ల తర్వాత ఏదో ఒక హోమ్. మేధోవైకల్యం, ఆటిజం, తీవ్ర మానసిక అనారోగ్యం ఉన్న వయోజనుల ముందు మన సమాజం ఉంచిన దారులు చాలావరకు ఈ రెండే. పైకి వేరుగా కనిపించినా రెండింటి లోపలి కట్టూ ఒకటే. గూడు ఇచ్చేదీ, తోడుగా నిలిచేదీ ఒకే చెయ్యి. ఆ చెయ్యి పెట్టే షరతు నచ్చలేదంటే తలమీద నీడే ఉండదు. గూడునూ తోడునూ విడదీయనంతకాలం చట్టం ఇచ్చిన స్వతంత్ర జీవన హక్కు ఆచరణలోకి రాదన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

స్వతంత్ర జీవనం: భావన

ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007లో ధ్రువీకరించింది. ఎక్కడ ఉండాలో, ఎవరితో ఉండాలో ఇతరులతో సమానంగా ఎంచుకునే హక్కును అందులోని 19వ అధికరణం గుర్తిస్తుంది. ఒడంబడిక అమలును పర్యవేక్షించే కమిటీ 2017లో వెలువరించిన 5వ సాధారణ వ్యాఖ్య దీన్ని విడమరిచి చెప్పింది. ఎంత సాయం తీసుకున్నా సరే, తన బతుకు మీద తన నిర్ణయం చెల్లితే అది స్వతంత్ర జీవనమే. వందమందికి పైగా ఉండే వసతిగృహమైనా, ఐదు నుంచి ఎనిమిది మంది ఉండే చిన్న గృహమైనా, చివరికి ఒక్కరే ఉండే ఇల్లయినా, సంస్థల లక్షణాలు అక్కడ ఉంటే అది ఈ కోవలోకి రాదు. సహాయకులను తప్పనిసరిగా పదిమందితో పంచుకోవాల్సి రావడం, వాళ్లను ఎంచుకునే వీలు లేకపోవడం, అందరికీ ఒకే దినచర్య ఉండటం ఆ లక్షణాల్లో కొన్ని.

రోజువారీ బతుకులో పెట్టి చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. చేతులు స్వాధీనంలో లేని ఒక మనిషికి రాత్రి తొమ్మిదింటికి స్నానం చేసి పడుకోవడం ఇష్టం అనుకుందాం. స్నానం చేయించే ఆయా డ్యూటీ ఏడింటికే అయిపోతుంది. కాబట్టి అయిదున్నరకు స్నానం, ఆరింటికి అన్నం, ఏడింటికి పక్క. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు, తిండికి లోటు చేయలేదు. అయినా ఆ మనిషి రోజంతా డ్యూటీ చార్టు చెప్పినట్టే గడిచింది.

చట్టంలో ఉన్నది, లేనిది

వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 5వ సెక్షన్ సమాజంలో జీవించే హక్కును సూటిగానే ప్రకటించింది. ఫలానా చోటే ఉండి తీరాలన్న నిర్బంధం లేకుండా చూడటం, వ్యక్తిగత సహాయకులతో సహా తోడ్పాటు సేవలు అందించడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రభుత్వాలు ‘ప్రయత్నించాలి’ అని సరిపెట్టింది. 13వ సెక్షన్ మరో అడుగు ముందుకేసింది. తనకున్న తోడ్పాటు ఏర్పాటును మార్చుకునే, వదులుకునే, మరొకరిని ఆశ్రయించే హక్కు వికలాంగులకు ఇచ్చింది. తోడుండే మనిషే ఇంటి యజమాని అయినప్పుడు ఈ హక్కును వాడుకునేదెలా? ఈ రెండు సెక్షన్లనూ కలిపి చదివితే చట్టంలోని అసలు ఖాళీ ఇక్కడే బయటపడుతుంది.

1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఈ ఖాళీని పూడ్చలేకపోయింది. ఆ ట్రస్ట్ నడిపే ‘ఘరౌందా’ పథకం వయోజనులకు జీవితాంతం ఆశ్రయం కల్పించాలన్న మంచి ఉద్దేశంతోనే వచ్చింది. కానీ నిధులు చేరేది కేంద్రాన్ని నడిపే సంస్థకు. అక్కడ ఉండే మనిషి ఆ కేంద్రం వదిలి వెళ్తే సాయం అతని వెంట వెళ్లదు.

ఆచరణలో రెండు నమూనాలు

స్వీడన్‌లో 1994 జనవరి నుంచి అమలైన చట్టం డబ్బును మనిషి వెంట నడిపించింది. ప్రాథమిక అవసరాలకు వారానికి 20 గంటలకు పైగా సాయం కావలసినవారికి సామాజిక బీమా సంస్థ ఆ ఖర్చు భరిస్తుంది. సహాయకుణ్ణి నేరుగా పెట్టుకోవచ్చు, సహకార సంఘం ద్వారానో పురపాలక సంస్థ ద్వారానో తీసుకోవచ్చు. అంతకు దశాబ్దం ముందే అడాల్ఫ్ రాట్జ్కా చొరవతో స్టాక్‌హోమ్‌లో వికలాంగులే నడుపుకున్న సహకార సంఘం ఈ చట్టానికి బాట వేసింది.

రెండోది మన పొరుగున చెన్నైలో పుట్టింది. ‘ది బాన్యన్’ సంస్థ 2015లో ‘హోమ్ ఎగైన్’ ప్రారంభించింది. ఏళ్ల తరబడి మానసిక వైద్యశాలల్లో, ఆశ్రయాల్లో ఉండిపోయినవారు నలుగురైదుగురు కలిసి మామూలు వీధిలో అద్దె ఇంట్లో ఉంటారు. అవసరాన్నిబట్టి సహాయకురాలు వాళ్లతోనే ఉంటుంది, లేదా వచ్చిపోతుంది. ఏం వండుకోవాలో, సంతకు ఎవరు వెళ్లాలో ఇంట్లోవాళ్లే తేల్చుకుంటారు. ఈ నమూనా కేరళకు, మహారాష్ట్రకు కూడా పాకింది. 2019లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం 43 ప్రభుత్వ మానసిక వైద్యశాలలను పరిశీలించింది. అక్కడివారిలో మూడోవంతుకు పైగా ఏడాది, అంతకు మించి లోపలే ఉన్నారని తేల్చింది. వాళ్లకు కావలసింది మరో వార్డు కాదని ‘హోమ్ ఎగైన్’ చూపించింది. అయితే ఇక్కడ కూడా ఇల్లు, సహాయకులు ఒకే సంస్థ ద్వారా వస్తున్నాయి. ఆ ముడి విప్పడం ఒక సంస్థ వల్ల అయ్యే పని కాదు, ప్రభుత్వమే పూనుకోవాలి.

తెలుగు రాష్ట్రాల్లో అవకాశం

ఆంధ్రప్రదేశ్ 2024లో వికలాంగుల పింఛనును నెలకు 6,000 రూపాయలు చేసింది. పూర్తి వైకల్యంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 ఇస్తోంది. తెలంగాణలో ఆ పింఛను 2023లో 4,016కు పెరిగింది. అవసరం పెరిగేకొద్దీ సాయమూ పెరగాలన్న సూత్రాన్ని ఆంధ్రప్రదేశ్ ఒప్పుకున్నట్టే. ఎక్కువ తోడ్పాటు కావలసినవారికి సంరక్షకుల భత్యం ఇవ్వాలన్న ఆలోచన 2016 చట్టంలోని 24వ సెక్షన్‌లోనే ఉంది. ఎన్ని గంటల తోడు కావాలో అంచనా వేసి, దానికి తగిన భత్యాన్ని పింఛనుకు జోడించడం తర్వాతి మెట్టు. సహాయకులకు శిక్షణ ఇవ్వడానికి సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ మేధోవైకల్య సంస్థ అనుభవం అక్కరకొస్తుంది.

అభ్యంతరాలు

‘మన కుటుంబాలు ఉండగా ఇదంతా ఎందుకు?’ అన్న ప్రశ్న సహజం. కుటుంబం అన్నమాట వెనక చాలా ఇళ్లలో ఉన్నది ఒక్క తల్లి. ఆమె తర్వాత ఆ భారం వదినకో అక్కకో, అడగకుండానే మీద పడుతుంది. ప్రేమ ఉన్నచోట కూడా ఒంట్లో ఓపిక ఉండాలి కదా. జీతం తీసుకునే సహాయకురాలు వస్తే అనుబంధం తెగిపోదు, చాకిరీ తగ్గుతుంది. ఒంటరి ఇంట్లో దౌర్జన్యం జరిగితే దిక్కెవరన్న భయం ఇంతకన్నా గట్టిది. దానికి జవాబు ఇరుగుపొరుగు రాకపోకలు, స్వతంత్ర తనిఖీలు, ఫిర్యాదు చేసినా ఇల్లు పోదన్న భరోసా. ఈ మూడోది గూడు, తోడు వేరైనప్పుడే దొరుకుతుంది.

ముగింపు

అద్దె ఒప్పందం వికలాంగుల పేరనే రాయాలి. ఇంటి యజమాని, సేవలందించే సంస్థ ఒకటి కాకూడదు. సహాయ భత్యం మనిషి పేర మంజూరై, ఊరు మారినా అతని వెంటే వెళ్లాలి. ఒప్పందాలూ ఖర్చులూ అర్థమయ్యేలా చెప్పి నిర్ణయానికి తోడ్పడే మనిషి ఉండాలి, నిర్ణయం మాత్రం వికలాంగులదే కావాలి. వీటిని ఒక్కో జిల్లాలో మొదలుపెట్టి చూడటానికి ఇప్పుడున్న చట్టమే చాలు. కొరవడింది బడ్జెట్‌లో ఒక పద్దు, ‘ప్రయత్నించాలి’ అన్నచోట ‘ఇవ్వాలి’ అని రాసే తెగువ.