బ్రౌన్స్ ఫెర్రీ కొవ్వొత్తి

నలుగురం చేరినచోట అణువిద్యుత్తు మాట వచ్చిందంటే త్రీ మైల్ ఐలండ్, చెర్నోబిల్, ఫుకుషిమా పేర్లే వింటూ ఉంటాం. బ్రౌన్స్ ఫెర్రీ పేరు మనలో చాలామంది విని ఉండరు. అక్కడ ఎవరూ చనిపోలేదు, ఊళ్ళు ఖాళీ చేయించవలసిన అవసరం రాలేదు. అంచేత లోకం త్వరగా మరచిపోయింది. కాని అణుకేంద్రాలలో అగ్నిభయాన్ని లెక్కగట్టే విద్యకు అసలు ఊపు అక్కడినుంచే వచ్చింది.

అలబామా రాష్ట్రంలో టెనెస్సీ నది ఒడ్డున, ఏథెన్స్, డెకేటర్ ఊళ్ళకు చేరువలో ఉన్నదీ కేంద్రం. 1975 మార్చి 22 నాటికి రెండు రియాక్టర్లు పూర్తి బలంతో నడుస్తున్నాయి, మూడోది కడుతున్నారు. కంట్రోల్ రూము కిందనే కేబుళ్ళ గది. పైనున్న మీటలకూ, ఎక్కడెక్కడో ఉన్న పంపులకూ, కవాటాలకూ సంబంధం కలిపే తీగలన్నీ ఆ గదిలోకి వచ్చి, గోడలో కన్నాల గుండా రియాక్టర్ భవనంలోకి పోతాయి. ఆ కన్నాలలో గాలి చొరబడకూడదు. లోపలి గాలి పీడనం బయటికన్నా తక్కువగా ఉంటేనే ఏదైనా జరిగినప్పుడు రేడియో ధార్మిక వాయువు లోపలే నిలుస్తుంది. పనివాళ్ళు కన్నాలను నురుగు రబ్బరు వంటి పాలీయురెథేన్‌తో పూడ్చి, ఇంకా గాలి పోతున్నదేమో చూడటానికి కొవ్వొత్తి పట్టుకుని చూసేవారు. జ్వాల వంగితే కన్నం ఉన్నట్టు. ఉపాయం తెలివైనదే, కాని పూడ్చిన ఆ పదార్థం ఇట్టే అంటుకునేది. మధ్యాహ్నం పన్నెండూ ఇరవై ప్రాంతంలో గాలి జ్వాలను లోపలికి లాగింది, నురుగు అంటుకుంది, మంట గోడ అవతలికి పాకింది.

ఆ తరువాతి ఏడు గంటల కథ చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. కంట్రోల్ రూములో ఎవరూ నొక్కకుండానే పంపులు నడుస్తున్నట్టు దీపాలు వెలిగాయి, కొన్ని ఆరాయి, కొన్ని మసకబారాయి. ఏ మీట మాట నమ్మాలో తెలియలేదు. ఒంటిగంట లోపలే రెండు రియాక్టర్లనూ ఆపడం మొదలైంది. అయితే రియాక్టరును ఆపినంత మాత్రాన పొయ్యి ఆర్పినట్టు కాదు. లోపలి ఇంధనం చాలాకాలం వేడి పుట్టిస్తూనే ఉంటుంది, నీళ్ళు పోస్తూనే ఉండాలి. ఒకటో యూనిట్లో అత్యవసరంగా నీళ్ళు పంపే ఏర్పాట్లన్నీ పోయాయి. మామూలుగా ఇంధనం పైన సుమారు 200 అంగుళాలు ఉండవలసిన నీరు 48 అంగుళాలకు దిగింది. ఆవిరిని వదిలి పీడనం తగ్గించి, వేరే పనికి ఉద్దేశించిన పంపులతో నీళ్ళు తోసి ఆపరేటర్లు గండం గట్టెక్కించారు. వాళ్ళ సమయస్ఫూర్తి లేకపోతే ఈ వ్యాసం మరోలా ఉండేది.

మంట ఆర్పడం మరో తంటా. విద్యుత్ తీగలమీద నీళ్ళు పోయడం ప్రమాదమని వాయువులూ, పొడులూ చల్లారు. ఆరినట్టే ఆరి మళ్ళీ రాజుకుంది. ఋణశేషం, అగ్నిశేషం ఉంచరాదని మన పెద్దలన్నది ఇందుకే కాబోలు! ఏథెన్స్ నుంచి వచ్చిన ఫైర్ చీఫ్ నీళ్ళు వాడమని మొదటినుంచీ చెబుతూనే ఉన్నాడు. సాయంత్రం ఏడింటి ప్రాంతంలో గాని ఒప్పుకోలేదు. 7.45 కల్లా మంట పూర్తిగా ఆరింది. అప్పటికి 1600కు పైగా కేబుళ్ళు దెబ్బతిన్నాయి. రెండు యూనిట్లూ తిరిగి నడవడానికి ఏడాదిన్నర పట్టింది.

ఇందులో అసలు తప్పు కొవ్వొత్తిది కాదని మా అభిప్రాయం. ఒక పంపు పోతే రెండోది, అదీ పోతే మూడోది అని ఇంజనీర్లు జాగ్రత్తపడ్డారు. ఒక్కొక్కటి వెయ్యింటికి ఒకసారి చెడితే రెండూ ఒకేసారి చెడటం పదిలక్షలకు ఒకసారి అని హెచ్చవేత చూపించవచ్చు. ఆ హెచ్చవేత చెల్లాలంటే రెండింటికీ ఏ సంబంధమూ ఉండకూడదు. పంపులు వేరువేరు గదుల్లో ఉన్న మాట నిజమే, వాటి తీగలు మాత్రం ఒకే కన్నంలోంచి పోతున్నాయి!

అమెరికా అణు నియంత్రణ సంఘం 1980లో కొత్త నిబంధనలు తెచ్చింది: రెండు రక్షణ మార్గాల తీగల మధ్య మూడు గంటలు మంటకు తట్టుకునే అడ్డుగోడ ఉండాలి. లేదా 20 అడుగుల ఎడం ఉండి, నడుమ మండేదేదీ ఉండక, మంటను పసిగట్టే, దానంతటదే ఆర్పే సాధనాలు ఉండాలి. పాత కేంద్రాల్లో ఇది అమలుపరచడం కష్టమై మినహాయింపుల అర్జీలు గుట్టలు పడ్డాయి. పైగా అడ్డుగా చుట్టిన థర్మోలాగ్ అనే పదార్థం పరీక్షల్లో నిలవలేదని 1990లలో తేలింది.

లెక్కల దారి వేరుగా సాగింది. లాస్ ఏంజిలిస్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జార్జి అపోస్టొలాకిస్, ఆయన శిష్యులు దీనికి బాట వేసినవారిలో ముఖ్యులు. వారి పద్ధతి చెప్పుకుంటే సులువే. ఫలానా గదిలో నూనె ఒలికి అంటుకుందనుకుందాం. అలాంటిది ఏడాదికి ఎన్నిసార్లు జరగవచ్చు? ఎంత వేడి పుడుతుంది? పాత వంటింట్లో పొగ అటక కింద పేరుకున్నట్టు వేడిగాలి పైకప్పు కింద పొరగా చేరి దిగుతూ వస్తే, పైనున్న తీగ తొడుగు ఎన్ని నిమిషాల్లో కరుగుతుంది? ఆలోగా ఎవరైనా ఆర్పగలరా? అంటే మంటకూ మనిషికీ పందెం. ఆ తీగే పోతే రియాక్టరును చల్లబరచడానికి ఇంకేం మిగిలింది అన్నది చివరి ప్రశ్న. ఈ పద్ధతి ముదిరి, 2004లో నియంత్రణ సంఘం కేంద్రాలు కోరుకుంటే లెక్కల దారిన కూడా నడవవచ్చునని ఒప్పుకుంది. అయితే మనిషి ఎంత త్వరగా కదులుతాడన్న అంకె ఇప్పటికీ మెత్తనిదే.

మన దేశానికీ ఈ పాఠం 1993 మార్చి 31న ఎదురైంది. ఉత్తరప్రదేశ్‌లో గంగ ఒడ్డున ఉన్న నరోరా కేంద్రంలో తెల్లవారుజామున టర్బైను రెక్కలు విరిగి, హైడ్రోజన్, నూనె అంటుకున్నాయి. కేబుళ్ళు కాలి ఒకటో యూనిట్లో పదిహేడు గంటలు కరెంటు లేదు. పొగకు తాళలేక కంట్రోల్ రూము వదలవలసి వచ్చింది. ఆ రియాక్టరులోని ఇంధనం మన హైదరాబాదు న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో తయారైనది. దాన్ని చల్లబరచింది డీజిలుతో నడిచే అగ్నిమాపక పంపుల నీళ్ళు. చీకట్లో బ్యాటరీ లైట్లు పట్టుకుని కొందరు ఆపరేటర్లు రియాక్టర్ భవనం ఎక్కి, అణుచర్య మళ్ళీ మొదలవకుండా బోరాన్ ద్రవాన్ని తమ చేతులతో వదిలారు.