క్లోమం నుంచి కాలేయానికి

ఎలుక కాలేయం ఒకే ముద్దగా ఉండదు. తమ్మెలుగా విడిపోయి, ఒక్కో తమ్మె సన్నని మొదలుతో అతుక్కుని ఉంటుంది. ఆ మొదలుకు దారం బిగించి కోస్తే నెత్తురు పెద్దగా పోదు. ఈ వెసులుబాటుతోనే అమెరికాలోని మేయో క్లినిక్‌లో హిగ్గిన్స్, ఆండర్సన్ మూడింట రెండు వంతుల కాలేయాన్ని తీసేసే పద్ధతిని రూపొందించి 1931లో ప్రచురించారు. కోసిన తమ్మెలు మళ్లీ మొలవవు. మిగిలినవే పెరిగి వారం పది రోజుల్లో దాదాపు పాత బరువుకు చేరతాయి.

పెరగమని వాటికి చెప్పేదేమిటన్న దగ్గరే తగాదా మొదలైంది. 1877లో రష్యా వైద్యుడు ఎక్ కుక్కల్లో పేగులు, క్లోమం నుంచి కాలేయానికి నెత్తురు తెచ్చే పోర్టల్ సిరను దానికి చేరనివ్వకుండా మహాసిరకు కలిపాడు. అలా మళ్లిస్తే కాలేయం కుంచించుకుపోతుందని తర్వాత తేలింది. అందిన నెత్తురు తగ్గడమే కారణమని చాలామంది నమ్మారు. 1951లో అమెరికా పరిశోధకురాలు న్యాన్సీ బుకర్ బృందం రెండేసి ఎలుకలను జతగా కుట్టి, ఒకదాని కాలేయం కోసింది. ముట్టుకోని రెండో ఎలుక కాలేయంలోనూ కణవిభజన హెచ్చింది. సంకేతం నెత్తురులోనే ఉందన్న అనుమానం బలపడింది.

దాన్ని పట్టిచ్చిన ప్రయోగాల్లో అందమైనది అమెరికా శస్త్రవైద్యుడు స్టార్జల్ బృందానిది. వీరు కుక్క కాలేయంలో ఒక భాగానికి క్లోమం వైపు నుంచి వచ్చే నెత్తురు, మరో భాగానికి పేగుల నెత్తురు అందేలా సిరలను విడగొట్టారు. క్లోమం నెత్తురు తాగిన భాగం బలిసింది, రెండోది కృశించింది. జంతువు ఒకటే కనుక తిండి, వయసు, జబ్బు వంటి సాకులకు చోటు లేదు. 1975లో ఇంకో అడుగు వేశారు: ఎక్ పద్ధతిలో నెత్తురు మళ్లించిన కుక్కల్లో పోర్టల్ సిర ఎడమ కొమ్మలోకి క్లోమం స్రవించే హార్మోన్ ఇన్సులిన్‌ను సన్నగా ఎక్కించారు. ఎడమ తమ్మెలు చాలావరకు నిలిచాయి, కుడివి ముడుచుకుపోయాయి. అదే ఏడాది బుకర్, స్వాఫీల్డ్ ఉదర అవయవాలు తీసేసిన ఎలుకల్లో ఇన్సులిన్, క్లోమానిదే అయిన మరో హార్మోన్ గ్లూకగాన్ కలిస్తేనే పెరుగుదల బాగా ఊపందుకుంటుందని చూపారు.

అయితే కోత పడని కాలేయాన్ని ఇన్సులిన్ ఒక్కటే విభజనకు పురికొల్పలేదు. అది తోడ్పాటుదారు మాత్రమే. పిట్యూటరీ గ్రంథిదీ అలాంటి పాత్రే: దాన్ని తీసేసిన ఎలుకల్లో పెరుగుదల మందగిస్తుందే తప్ప ఆగదు. అసలు ప్రేరకాల కోసం సాగిన వెదుకులాటలో 1984లో కోత పడిన ఎలుకల సీరంలో కాలేయ కణాలను పెంచే ప్రోటీన్ హెపటోసైట్ గ్రోత్ ఫ్యాక్టర్ జాడ దొరికింది. 1989లో దాని జన్యువు చిక్కింది. క్లోమం వాటా మాత్రం చెరగలేదు. ప్రయోగశాలల్లో కాలేయ కణాలను పెంచే ద్రావణాల్లో నేటికీ ఇన్సులిన్ కలుపుతారు.