ప్రళయకావేరి ఒడ్డున వలందుల సమాధులు

ఉగాది సంచికలో శ్మశానాల ప్రసంగమేమిటని చదువరులు నొసలు చిట్లించవచ్చును. ఉగాది పచ్చడిలో వేపపువ్వు కూడా వుంటుంది గదా అని మనవి చేసుకొని మొదలుపెడుతున్నాను. నేను చరిత్ర పండితుణ్ణి కాను. పదవ తరగతితో చదువు చాలించి, రైల్వే ఆఫీసులో రిజిస్టర్లు రాసుకొనే గుమాస్తాను. కళ్లారా చూచినదీ, పెద్దల పుస్తకాలవల్ల తెలిసికొన్నదీ మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

చెన్నపట్నంనుంచి గూడూరు మార్గంలో పొన్నేరి స్టేషనులో దిగి, బస్సెక్కి తూర్పుగా పోతే పళవేర్కాడు వస్తుంది. ఇంగ్లీషువారు దానిని పులికాట్ అన్నారు. అక్కడి ఉప్పునీటి సరస్సును మనవారు ప్రళయకావేరి అంటారు. సరస్సులో అధికభాగం ఆంధ్రప్రదేశంలోనే వున్నది. దక్షిణపు కొసన తమిళనాటి యీ వూరు. నేడది చేపలూ రొయ్యలూ పట్టి బ్రతికేవారి పల్లె. ఒకప్పుడు కోరమండల తీరంలో వలందుల వర్తకానికంతా అదే ముఖ్యస్థానం.

వలందులంటే హాలెండు దేశస్థులు, డచ్చివారు. ఈ మాట మనకు కొత్త కాదు. బందరులో వలందపాలెం ఈనాటికీ వున్నది. 1602లో వారి తూర్పు ఇండియా కంపెనీ ఏర్పడింది. కొద్ది ఏండ్లలోనే బందరులో వర్తకశాల పెట్టారు. 1610లో ఆరవీటి వేంకటపతిరాయల అనుమతితో పళవేర్కాడులో నిలదొక్కుకొని, 1613లో గెల్డ్రియా అనే కోటను అమర్చుకొన్నారు. మన తీరపు నేతబట్టలు కొని తూర్పు దీవులకు పట్టుకుపోయి, వాటికి మారుగా లవంగం, జాజికాయ, మిరియం సంపాదించేవారు. 1690లో ముఖ్యస్థానం నాగపట్టణానికి మారింది. 1781లో ఆ పట్టణం ఇంగ్లీషువారి చేజిక్కగా మళ్లీ పళవేర్కాడుకే వచ్చింది. 1795లో దీనినీ ఇంగ్లీషువారు పట్టుకొన్నారు. 1818లో తిరిగి యిచ్చారు. 1824 నాటి ఒడంబడికను అనుసరించి 1825లో వలందులు ఈ వూరిని శాశ్వతంగా వదులుకొన్నారు.

రెండువందల ఏండ్ల పైచిలుకు కాపురానికి మిగిలిందేమి? కోట శిథిలమై ముళ్లపొదల పాలయింది. నిలిచినవి సమాధులే. పురావస్తుశాఖవారి రక్షణలో వున్న ఆవరణలో 76 సమాధులున్నవి. వాకిట ఇరుప్రక్కలా రాతిలో అస్థిపంజరాలు చెక్కబడి వున్నవి. నా వెంట వచ్చిన మా మేనమామ వాటిని చూచి, "ఇదేమి వాకిలిరా అబ్బాయీ, యముడి వాకిలా?" అన్నాడు. "పుట్టినవాడికి చావు తప్పదని గుర్తుచేయడానికి మామయ్యా" అన్నాను. "మన వేమన చెప్పినదే గదా!" అని చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

లోపల కొన్ని సమాధులు నేలబారు పలకలు, కొన్ని గోపురాలవలె కట్టినవి, కొన్ని సూదిగా లేచిన స్తంభాలు. పలకలమీద వంశచిహ్నాలు, పుర్రెబొమ్మలు. అక్షరాలను లోతుగా తొలవక, చుట్టూ రాయి చెక్కివేసి పైకి తేల్చారు. డచ్చి భాష నాకు రాదు. అయినా వారి సమాధుల రివాజు తెలిస్తే కొంత పోల్చుకోవచ్చును. "ఇక్కడ పూడ్చబడి వున్నాడు" అని మొదలు. తరువాత పేరు, పుట్టిన వూరు, కంపెనీలో హోదా, పోయిన తేదీ. పసిబిడ్డలకైతే ఎన్నేండ్లు, ఎన్ని నెలలు, ఎన్ని దినాలు బ్రతికారో కూడా లెక్క. లాభానికి వచ్చినవారే కావచ్చును. కాని బిడ్డ బ్రతికిన దినాలు లెక్కపెట్టుకొన్న తల్లి బాధ మన తల్లుల బాధవంటిదే.

ఇంకొక మాట కూడా చెప్పకపోతే చరిత్ర సగమే అవుతుంది. ఆ వర్తకానికి బట్ట నేసిన సాలెవారికి అక్కడ రాయి లేదు. అలలమీద మూటలు మోసిన పడవవారికి లేదు. పదిహేడవ శతాబ్దపు కరువులలో అన్నానికి అమ్ముడుపోయి, కంపెనీ ఓడలలో బానిసలుగా బటేవియా చేరిన మన తీరపు ప్రజలకు అసలే లేదు. వారిలో తెలుగువారెందరో, తమిళులెందరో చెప్పే పలక ఏదీ పళవేర్కాడులో లేదు.

మరి మన సంగతి? మనమూ వలసవచ్చినవారమే. మనలో చాలామందిమి దహనం చేస్తాము. పూడ్చేవారికి కూడా మట్టిదిబ్బే తప్ప రాయి అరుదు. మన పద్ధతిలో పితరులను నాలుకమీద నిలుపుకొంటాము. తర్పణంలో తండ్రి, తాత, ముత్తాత — మూడు తరాలు. నాలుగవ తరం జారిపోతుంది.

మా యింట మూడవదే జారిపోయింది. కావలి ప్రాంతంనుంచి రైలుపట్టాల పనికి వచ్చి పెరంబూరులో కాపురం పెట్టిన మా ముత్తాతను యింట్లో అందరూ "నెల్లూరు తాత" అనేవారు. మా నాయనగారి కర్మనాడు పురోహితుడు ముత్తాత పేరు అడిగితే నా నోట మాట రాలేదు. మేనత్తలను అడిగాను, వారికీ తెలియదు. "పోనీ నాయనా, దేవుడి పేరు చెప్పు" అన్నాడాయన. అలాగే చెప్పాను. మూడువందల ఏండ్లనాటి పరదేశపు పసిబిడ్డ వయస్సు దినాలతో సహా దొరుకుతున్నది. నాకు అన్నం పెట్టిన ఉద్యోగానికి దారి చూపిన మనిషి పేరు నాకు దొరకలేదు.

అయితే రాయి కూడా శాశ్వతం కాదు. ఉప్పుగాలికి అక్షరాలు అరిగిపోతున్నవి. 1897లో అలెగ్జాండర్ రే అనే పురావస్తుశాఖ ఉద్యోగి వలందుల కట్టడాలపై గ్రంథం ప్రకటించాడు. 1905లో జె. జె. కాటన్ మదరాసు రాజధానిలోని సమాధి శాసనాల పట్టిక అచ్చువేశాడు. రాతిమీద చెరిగే పేరును నిలిపేది ఆ కాగితమే. కాగితానికి పెద్ద ఖర్చు లేదు.

కనుక మన సంఘంవారికి నాదొక విన్నపం. ఒక గట్టి అట్ట రిజిస్టరు తెరవండి. ఇంటికొక పుట. వలందులు రాతిమీద చెక్కిన వివరాలే చాలును: పేరు, పుట్టిన వూరు, చేసిన పని, పోయిన తేదీ. మొదట వచ్చిన పెద్దదిక్కుతో మొదలుపెట్టి, ఆడవారి పేర్లు విడువకుండా రాయాలి. పిల్లలు తెలుగు చదవలేని యిండ్లున్నవి. వారికి మనమే చదివి వినిపిద్దాము. ఏటా ఉగాదినాడు పంచాంగ శ్రవణం కాగానే ఆ యేడు చేరిన పేర్లు పైకి చదవవచ్చును. గీతలు కొట్టి, వరుస నంబర్లు వేసే పని నాకు వదలండి, రోజూ చేసేదే.

మొదటి పుటలో నెల్లూరు తాత అనే రాస్తాను. పేరు చోటు ఖాళీగా వుంచుతాను. ఎరిగిన పెద్దలెవరైనా వుంటే వచ్చి పూర్తిచేయగలరు.