అంటిందా, సోకిందా?

జబ్బు ఒకరి నుంచి ఇంకొకరికి చేరడాన్ని చెప్పడానికి మనకు రెండు క్రియలున్నాయి: అంటు, సోకు. నిఘంటువులో ఒకదానికి రెండోది అర్థంగా దొరుకుతుంది. వాడుకలో మాత్రం ఈ రెంటి దారులూ వేరు.

‘అంటు’కు తాకిడి కావాలి. తలంటులో నూనె మాడుకు పట్టాలి. అంటుమామిడికి కొమ్మను కొమ్మతో కలిపి కట్టాలి. ఎంగిలి అంటిన గిన్నెలే అంట్లు. ‘సోకు’కు అంత దగ్గరితనం అక్కర్లేదు. ఎండ సోకుతుంది, చల్లగాలి సోకుతుంది. పల్లెల్లో దయ్యం పట్టినా ‘గాలి సోకింది’ అనేవారు. ముస్తాబు అర్థంలో వాడే సోకుకు దీనితో చుట్టరికం లేదు. అది ఉర్దూ షౌక్ నుంచి వచ్చిన షోకు.

‘అంటువ్యాధి’ అనగానే చెయ్యి కడుక్కోవడమే ముందు గుర్తొస్తుంది. అది అవసరమే, కానీ చాలదు. 2002–03లో సార్స్ సోకిన 8,096 మందిలో 1,706 మంది వైద్య సిబ్బందే, అంటే ఐదింట ఒక వంతు కన్నా ఎక్కువ. హాంకాంగ్‌లోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ ఆస్పత్రి 8ఎ వార్డులో ఒక సార్స్ రోగికి నెబ్యులైజర్‌తో మందు పట్టారు. డాక్టర్లు, నర్సులు, వైద్య విద్యార్థులు వరసగా జబ్బుపడ్డారు. ఆ పడక దాకా వెళ్లనివారికీ వచ్చింది. వార్డులో గాలి పారిన తీరుకూ, జబ్బుపడ్డ తోటి రోగుల పడకల వరసకూ పొంతన ఉందని తరువాతి పరిశోధనలు చూపాయి. తెలుగులో చెప్పాలంటే అది అంటలేదు, సోకింది.

అయినా 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ గాలి ద్వారా వ్యాపించేది కాదని ప్రకటించింది. తుంపర్లా, గాలా అన్న వాదం ఏళ్లపాటు నడిచింది. 2024లో ఆ సంస్థే ఈ విషయంలో వాడవలసిన మాటలను సవరించింది.

వ్యాకరణం చూడండి. ‘నర్సమ్మకు కోవిడ్ సోకింది’ అన్నప్పుడు కర్త జబ్బే. ‘ఎక్కడ అంటించుకొచ్చావ్?’ అంటే కర్త ఆమె, నేరమూ ఆమెదే. ‘అంటు’ వెనకే ‘అంటరాని’ కూడా వస్తుంది. 2020లో డాక్టర్లనూ నర్సులనూ అద్దె ఇళ్లు ఖాళీ చేయమన్నవారున్నారు. వారిపై దాడులను అరికట్టడానికి ఏప్రిల్‌లో కేంద్రం 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని ఆర్డినెన్స్‌తో సవరించాల్సి వచ్చింది.

‘సోకింది’లో నింద లేదు, కానీ ‘ఎక్కడి నుంచి’ అన్న జవాబూ లేదు. నర్సుకు వస్తే రోగి నుంచేనని అనుకుంటాం. 2020 మార్చిలో దక్షిణ నెదర్లాండ్స్‌లోని మూడు ఆస్పత్రుల్లో వైరస్ జన్యుక్రమాలు పోల్చి చూస్తే, అది ఊళ్లోంచి పలుమార్లు, వేర్వేరుగా లోపలికి వచ్చినట్టు తేలింది. అన్నిటికీ వార్డే మూలం కాదు.

కాబట్టి ఆరా తీసేవారు ‘ఎవరిని ముట్టుకున్నారు?’ దగ్గర ఆగకూడదు. ఏ గదిలో, ఎంతసేపు, కిటికీ తీసి ఉందా, మాస్కు తీసి టీ తాగినప్పుడు పక్కన ఎవరున్నారు, ఇంట్లో ఎవరికైనా జ్వరమా? ఇవన్నీ అడిగితేనే ‘సోకింది’ అన్న వాక్యం పూర్తవుతుంది.